అంగడి ముందర బండ

కల్లంగడి, సారాయంగడి, టీ అంగడి, బ్రాందీ షాపు, గవర్నమెంటు షాపు... మహానంది దారిలో ఒకే గదికి ఎన్ని బోర్డులు మారాయో! బోర్డులు మారుతూ మారుతూ చివరికి గది ముందున్న బండ కూడా జరిగింది.

సాయంత్రం ఆరున్నర. నంద్యాల నుంచి మహానందికి పోయే దారిలో అరటితోటలు మొదలయ్యే చోట, రోడ్డుకు కాస్త లోపలగా ఒక గది ఉంది. ముందువైపు ఇనుప జాలీ, అందులో చెయ్యి పట్టేంత సందు. సందులోంచి నోటు లోపలికి పోతుంది, సీసా బయటికి వస్తుంది. నోటు లేనివాళ్లు ఫోన్ చూపిస్తారు. పక్కనున్న చిన్న పెట్టె 'తొంభై తొమ్మిది రూపాయలు అందాయి' అని పైకి చెబుతుంది. సీసా పంచె మడతలోకో ప్యాంటు జేబులోకో చేరగానే మనిషి ఆగకుండా నడిచిపోతాడు. అరగంట నిలబడి చూశాను. అంతసేపట్లో అక్కడ నోరారా మాట్లాడింది ఆ పెట్టె ఒక్కటే.

నేను పుట్టి పెరిగింది ఈ చుట్టుపక్కల ఊళ్లోనే. ఊరి పేరు మాత్రం రాయను. రాస్తే 'ఇంగ మనూరికి ఇదొక్కటే పేరా అన్నా' అని మా చిన్నాయన కొడుకులు పొద్దున్నే ఫోన్ చేస్తారు. నిజానికి పేరుతో పనీ లేదు. గాజులపల్లె రైలు స్టేషను నుంచి నంద్యాల పొలిమేర దాకా ఏ ఊరి మొగదల నిలబడినా ఈ గది కథే వినిపిస్తుంది.

చిన్నప్పుడు ఆ గది ముందర ఒక బండ ఉండేది. బేతంచెర్ల బండ. ఆరడుగుల పొడవు, రెండు మొద్దు రాళ్ల మీద పరిచి ఉండేది. ఒక అంచు విరిగిపోయి, మధ్యలో మనుషులు కూర్చుని కూర్చుని అద్దంలా నునుపు తేలింది. వానాకాలంలో ఆ నునుపు చోటే నీళ్లు నిలిచేవి. ఆ బండ మీద కూర్చున్న మనుషుల్ని దూరంగా చూస్తూ బడికి పోయేవాణ్ని. దగ్గరికి పోతే వీపు విమానం మోత మోగుతుందని తెలుసు.

అందరి ఇల్లు

పబ్ అనగానే మనకు జూబ్లీహిల్స్ లైట్లు, శనివారం రాత్రి పోలీసులు మూతి దగ్గర పెట్టి ఊదమనే గొట్టాలు గుర్తొస్తాయి. ఆ మాట పుట్టిన దేశంలో దాని అర్థం వేరు. పబ్లిక్ హౌస్, అంటే అందరి ఇల్లు. ఇంగ్లండు పల్లెల్లో చర్చి, పోస్టాఫీసు ఎలాగో పబ్ కూడా అలాగే. ఇంట్లో పొయ్యి ఆరితే అక్కడికి పోయి చలి కాచుకుంటారు, గొడవలు తీర్చుకుంటారు, పెళ్లి మాటలు మాట్లాడుకుంటారు. 2000 ప్రాంతంలో బ్రిటన్‌లో 60 వేల పైచిలుకు ఉన్న పబ్బులు ఇప్పుడు 45 వేల దరిదాపులకు దిగాయి. పబ్ మూతపడుతోందంటే ఊరివాళ్లు తలా కొంత వేసుకుని కొనుక్కుంటున్నారు. ఊరికి పనికొచ్చే ఆస్తిగా దాన్ని నమోదు చేయించుకునే వీలు కూడా 2011 నాటి చట్టం ఒకటి కల్పించింది.

మన దగ్గర బ్రాందీ షాపు మూతపడుతోందంటే ఊరు చందా వేసుకుంటుందా? ఆడవాళ్లు కొబ్బరికాయ కొడతారు. కొట్టడం న్యాయమే. కానీ ఆ ఇంగ్లండు పబ్‌కు కాస్త దగ్గరి చుట్టరికం ఉన్న చోటు మనకూ ఒకప్పుడు లేకపోలేదు. అది కల్లంగడి. ఆ చోటు పోయి ఈ జాలీ ఎలా వచ్చిందన్నదే నాకు ఎప్పటినుంచో ఉన్న సందేహం. దానికి జవాబు తాగేవాళ్ల దగ్గర దొరకలేదు. కొంత ఈత చెట్టు దగ్గర, కొంత కర్నూలు అసెంబ్లీలో, చాలావరకు వేలంపాటల్లో దొరికింది.

చెట్టు చెప్పిన టైము

కోస్తాలో కల్లంటే తాడిచెట్టు గుర్తొస్తుంది. మా వైపు వంకల వెంబడి, చెరువు కట్టల కింద ఈతవనాలే ఎక్కువ. గీసేది ఈడిగవాళ్లు. చెట్టు మెడ దగ్గర మట్టలు చెక్కి, తెల్లగా మెత్తగా ఉన్న భాగంలో గాటు పెట్టి, దాని కింద కుండ కడతారు. రాత్రంతా చుక్క చుక్కా దిగుతుంది. పొద్దు పొడవకముందే దించితే తియ్యటి నీరా. ఎండ తగిలేకొద్దీ గాలిలో ఉన్న ఈస్టు తన పని మొదలుపెడుతుంది. మధ్యాహ్నానికి నురగ కడుతుంది, సాయంత్రానికి ఘాటెక్కుతుంది, మర్నాటికి నోట పెట్టలేనంత పుల్లనవుతుంది.

మా ఊళ్లో ఆఖరుదాకా చెట్టెక్కిన ఒక పెద్దాయన్ని కాలేజీ రోజుల్లో అడిగాను, రోజూ గీస్తే ఎక్కువ దిగుతుంది కదా తాతా అని. 'రోజూ కోస్తే చెట్టు ఊరుకుంటాదా నాయనా? దానికీ రెన్నాళ్లు గాయం మానల్ల. తాగేవానికి తెలవదు గానీ గీసేవానికి తెలుస్తాది' అన్నాడు. ఆయన నడుముకు మోకు రాసుకున్న చోట చర్మం గట్టిపడి తోలుపట్టీలా ఉండేది.

ఆయన మాటల్లోనే నాకు కావలసిన సంగతి దొరికింది. కల్లు నిలవ ఉండదు. సీసాలో పోసి లారీ ఎక్కించి ఎక్కడో అమ్ముకునే సరుకు కాదది. దిగిన రోజు, దిగిన ఊళ్లో, పొద్దుగూకేలోపు తాగెయ్యాలి. అందుకే తాగేవాడు అంగడి దగ్గరికి రావాలి, వచ్చినవాడు కూర్చోవాలి. ముంత ఖాళీ అయ్యేదాకా కూర్చున్నాక పక్కవాడితో మాట కలపక ఏం చేస్తాడు? కారం బొరుగులు, ఉడకబెట్టిన అలసందలు, కాల్చిన ఎండుచేప, ఎవరి పొలంలో బోరు పడింది, ఎవరి ఎద్దు కుంటుతోంది, ఈ ఏడు కేసీ కాలువకు నీళ్లు ఎప్పుడొదులుతారు... బండకు ఆ నునుపు అలా వచ్చిందే.

అయితే దాన్ని బంగారు కాలంగా చూపించే పాపం నేను మూటగట్టుకోలేను. ఆ బండ మీద అందరూ కూర్చోలేదు. దళితవాడ నుంచి వచ్చినవాళ్లు నేల మీద కూర్చునేవారు, వాళ్లకు పోసేది ఎత్తు నుంచి దోసిట్లోకి. కూలికిపోయే పెద్దవయసు ఆడవాళ్లు కొందరు అంగడికి వెనకనుంచి వచ్చి తాగిపోయేవారని మా అవ్వ చెప్పేది. అందరి ఇల్లే, కానీ ఎవరి గడప వాళ్లదే.

ఇంకొక సంగతి. చెట్టు ఈడిగవాడిది కాదు. ఆబ్కారీ వాళ్లది. 'ఆబ్' అంటే పార్సీలో నీళ్లు. కోనేటి అడుగున పడ్డ గుండుసూది కూడా కనపడేంత తేటగా నీళ్లు ఉబికే మహానందికి పక్కనే, సర్కారువారి 'నీళ్ల శాఖ' మాత్రం ఈతచెట్లు లెక్కపెట్టుకుంటూ తిరిగింది. 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చాక చెట్టుకింత పన్ను, అంగడికింత కిస్తు అని లెక్కలు గట్టిపడ్డాయి. అంగడి ఎవరు నడపాలో పాటలో తేలేది. పాట పాడినవాడు దొరలకు కట్టాలి, గీసినవాడు పాటగాడికి కట్టాలి, తాగినవాడు అందరికీ కట్టాలి.

కర్నూలులో కూలిన ప్రభుత్వం

రాజాజీ 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టి, మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చారు. సర్కారుకు పోయే ఆదాయాన్ని పూడ్చుకోవడానికి 1939లో అమ్మకం పన్ను పెట్టారు. ఈనాడు మనం అగ్గిపెట్టె కొన్నా కడుతున్న పన్నులకు తాత ఎవరంటే మూతపడ్డ కల్లంగడే! కడపలో కల్లు బంద్, ఇవతల కర్నూలు జిల్లాలో అంగళ్లు బార్లా. సరిహద్దు ఊళ్లలో సాయంత్రాలు ఎలా గడిచి ఉంటాయో ఊహించుకోవచ్చు. యుద్ధకాలంలో ఆ నిషేధం సడలింది. 1946 నుంచి విడతలుగా మళ్లీ వచ్చి 1948 నాటికి మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా అమలైంది. తుంగభద్ర దాటితే నైజాం, అక్కడ నిషేధం లేదు. కర్నూలు మనిషికి దాహమైతే ఏటికి అడ్డం పడి పోవడమే.

ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న పుట్టింది. రాజధాని కర్నూలు. ఆఫీసులు గుడారాల్లో, ముఖ్యమంత్రి ప్రకాశం పంతులు. నిషేధం వల్ల గీత కార్మికుల బతుకు తెల్లారిపోయిందని గౌతు లచ్చన్న వాళ్ల తరఫున ఉద్యమం లేవదీశారు. నిషేధం ఉండాలా పోవాలా చూడమని వేసిన రామమూర్తి కమిటీ ఎత్తెయ్యమనే చెప్పింది. ప్రకాశం ససేమిరా అన్నారు. 1954 నవంబరు 6న కర్నూలు అసెంబ్లీలో అవిశ్వాసం నెగ్గింది, ఒక్క ఓటు తేడాతో. పదమూడు నెలల పసి రాష్ట్రం, తొలి ప్రభుత్వం, కూలింది కల్లుకుండ తగిలి!

సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకులకు ఎదురుపోయి రొమ్ము చూపిన మనిషి కర్నూలులో ఈతచెట్టు దగ్గర తగ్గలేదు. ఆయన మొండితనం గొప్పదా, ఆకలితో ఉన్న గీతగాడి కోపం గొప్పదా అంటే నేను ఈడిగ తాత వైపే నిలబడతాను. తమాషా ఏమిటంటే ప్రభుత్వం పోయింది గానీ నిషేధం పోలేదు. ఇంకో పద్నాలుగేళ్ల దాకా కాగితం మీద ఉంది. అడవి అంచున బెల్లం ఊట, తుమ్మచెక్క, కుండ మీద కుండ. నల్లమల మనకు మూలికలు మాత్రమే ఇవ్వలేదు.

నాట్లేసింది నేను, కూలి తీసుకుంది బండ

1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం వచ్చింది. నిషేధం అటకెక్కింది, సారాయంగడి వచ్చింది. కల్లుకూ సారాయికీ తేడా ఘాటులో ఉందనుకుంటారు. అసలు తేడా నిలవలో ఉంది. చక్కెర ఫ్యాక్టరీ మడ్డి నుంచి దిగిన స్పిరిట్‌లో నీళ్లు కలిపిన సరుకు ఏడాదైనా చెడదు. డిపోలో పెట్టొచ్చు, లారీలో తోలొచ్చు, లక్షల్లో పాట పాడొచ్చు. చెట్టూ గీతగాడూ అక్కర్లేదు. చెట్టు చెప్పే టైము పోయి కాంట్రాక్టరు చెప్పే టైము వచ్చింది.

సీమలో సారా పాటంటే ఒట్టి వ్యాపారం కాదు, ఊరి మీద ఎవరి పెత్తనం నడుస్తుందో తేల్చే పరీక్ష. పాట గెలిచినవాడికి జీపులు, మనుషులు, ప్రతి ఊళ్లో ఒక గది. ఇంత సరుకు అమ్మితీరాలని సర్కారు కొలత పెడుతుంది, అమ్మకపోయినా కిస్తు కట్టాలి. కాబట్టి అమ్ముతారు. 1980లలో ఎన్టీఆర్ హయాంలో 'వారుణి వాహిని' వచ్చింది. కల్తీ లేకుండా సర్కారే ప్లాస్టిక్ పాకెట్లలో నింపి ఇస్తుందన్నారు. నాకు గుర్తున్నది ఆ పాకెట్లే. పళ్లతో మూల కొరికి, ఉమ్మేసి, ఒక్క గుక్క. తాగడానికి అర నిమిషం. కూర్చోవలసిన పనే లేదు. సైకిల్ హ్యాండిల్‌కు సంచి తగిలించుకుని కళ్లాల దగ్గరికి, నాట్ల దగ్గరికి కూడా తెచ్చేవారు. బండ మీద మనుషులు పలచబడ్డారు, బండ కింద మాత్రం చిరిగిన పాకెట్లు గుట్టపడ్డాయి. అవి తిని మేకలు చచ్చిపోయేవి.

మా తాత కూడా ఆ గుట్టకు తన వంతు వేసినవాడే. అవ్వ వరినాట్లకు పోయేది. శనివారం బట్వాడా. మగవాళ్ల కూలి సరే, ఆడవాళ్ల కూలి కూడా మేస్త్రీ చేతినుంచి మగవాళ్ల చేతికే పోయేది, అక్కడి నుంచి గదికి. అప్పు పద్దు కూడా ఉండేది, వారం వారం కూలిలో పట్టుకునేవారు. ఒక శనివారం రాత్రి అవ్వ సంకటి కెలికే తెడ్డు పట్టుకుని అంగడి దాకా పోయింది. ఏం చేసింది, ఏమయింది అన్నది మా ఇంట్లో ఎన్నడూ ఎవరూ పూర్తిగా చెప్పలేదు. ఆ తర్వాత ఆమె ఎడమచేతి మణికట్టు కాస్త వంకరగా ఉండేది. అడిగితే ఒకటే మాట: 'నాట్లేసింది నేను. కూలి తీసుకుంది ఆ బండ.'

తెడ్లు, చీపుర్లు

నెల్లూరు జిల్లా దూబగుంటలో 1991, 92 ప్రాంతంలో జరిగింది ఇప్పుడు అందరికీ తెలిసిన కథే. అక్షరదీపం రాత్రి బడిలో సీతమ్మ కథ అని ఒక పాఠం చదివారు. అది తమ కథే అనిపించింది. వర్ధినేని రోశమ్మ లాంటి ఆడవాళ్లు ముందుపడి అంగడి మూయించారు. ఊరి నుంచి ఊరికి పాకి, కలెక్టరాఫీసు ముందు సారా పాటలే జరగనియ్యకుండా అడ్డం కూర్చున్నారు. వేలంపాట ఆగితే పీపా కిందినుంచి భూమి పోయినట్టే. ఈ వ్యాపారం నడిచేది తాగేవాడి దాహం మీద కాదని, సర్కారు సుత్తిదెబ్బ మీదని చదువురాని ఆడవాళ్లు కనిపెట్టారు. చదువుకున్న మనకు అప్పటిదాకా తోచలేదు.

1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధించారు. అప్పటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి మా కర్నూలు జిల్లా మనిషే. అక్టోబరు 1 అన్న తేదీ ఈ కథలో పదేపదే తగులుతుంటే ఏమిటా అనుకున్నాను. సారా పాటల సంవత్సరం అక్టోబరులో మొదలై సెప్టెంబరుతో ముగిసేది. మర్నాడు గాంధీ జయంతి కావడం కలిసొచ్చిన పుణ్యం.

1994 డిసెంబరు 12న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి బ్రాందీ, విస్కీ కూడా బంద్. కల్లుకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. కానీ అప్పటికి మా వైపు ఈతవనాలు చాలావరకు కొట్టేసి పొలాలు చేసుకున్నారు. చెట్టెక్కేవాడి కొడుకు నంద్యాలలో ఆటో తోలుతున్నాడు. ప్రకాశాన్ని దించిన కల్లుకు తీరా అనుమతి దొరికే నాటికి గీసేవాడు లేడు.

ఆ రెండేళ్లు మా గది టీ అంగడి అయింది. దాని గురించి ఎక్కడా రాసి ఉండదు, కాబట్టి కొంచెం ఆగి చెబుతాను. కాంట్రాక్టరు మనుషులు పోయాక గది తాళం వేసి ఉంది. కొన్నాళ్లకు పక్కవీధి మనిషి ఒకాయన అద్దెకు తీసుకుని, గోడలకు రెండు పూతలు సున్నం కొట్టించి, కిరసనాయిలు స్టవ్వు పెట్టాడు. ఎన్ని పూతలు కొట్టినా వానాకాలంలో గోడ నుంచి పాత వాసన దిగేదని నవ్వేవాడు. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జి. సాయంత్రం టీ, పత్రిక. పత్రిక నాలుగు ముక్కలై నలుగురి చేతుల్లో ఉండేది. నేను ఆ బండ మీద మొట్టమొదటిసారి కూర్చున్నది అప్పుడే, ఇంటర్ చదివేటప్పుడు. బండ చల్లగా ఉంది. ఇంత చిన్న బండ గురించా ఇంత భయపడ్డాను అనిపించింది.

ఒక రోజు అవ్వ నాతో మహానందికి పోతూ బస్సు రాలేదని అక్కడ ఆగింది. టీ అంగడాయన 'కూచో పెద్దమ్మా' అన్నాడు. అవ్వ కూర్చోలేదు. టీ మాత్రం నిలబడి తాగింది, సగం. ఇంగ్లండు పబ్‌కు మన దగ్గర సరైన మాట ఏదంటే నేను ఆ రెండేళ్ల టీ అంగడినే చూపిస్తాను. తాగింది టీయే గానీ, ఊరు కూర్చుని మాట్లాడుకుంది అక్కడే.

నిషేధం మాత్రం బాగా నడిచిందని చెప్పను. బళ్లారి లారీల్లో ఏం వచ్చేదో, అడవివైపు రాత్రిళ్లు పొగ ఎందుకు లేచేదో ఊరందరికీ తెలుసు. ఖజానాకు కటకట. చంద్రబాబు ప్రభుత్వం 1997లో నిషేధం ఎత్తేసింది. టీ అంగడాయనకు గది ఖాళీ చెయ్యమని కబురొచ్చింది. ఆయన స్టవ్వు నెత్తిన పెట్టుకుని పోయాడు. బండ గది సొంతదారుది కాబట్టి అక్కడే ఉండిపోయింది.

సంతకాలు

ఆ తర్వాతి ఇరవై ఏళ్లు చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. గది బ్రాందీ షాపయింది, పక్కన రేకుల షెడ్డు వేసి పర్మిట్ రూమన్నారు. ప్లాస్టిక్ కుర్చీలొచ్చాయి. గ్లాసుకు రూపాయి, నీళ్ల పాకెట్టుకు రూపాయి, ఉడికించిన గుడ్డుకు కారం ఉచితం. 2012లో వేలంపాటలు తీసేసి లాటరీ పెట్టారు. షాపు లేని ఊళ్లకు బెల్టు షాపు చేరింది, అంటే ఎవరింట్లోనో మంచం కింద అట్టపెట్టె. 2014 జూన్‌లో చంద్రబాబు పెట్టిన తొలి ఐదు సంతకాల్లో బెల్టు షాపుల రద్దు ఒకటి. అట్టపెట్టె మంచం కింద నుంచి గాదె వెనక్కి మారింది. 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు హైవేలకు 500 మీటర్ల లోపు మద్యం షాపులు ఉండకూడదంటే, కర్నూలు-కడప హైవే పక్కనున్నవి ఊళ్లలోకి జరిగాయి. కారువాడి ప్రాణం కాపాడబోతే కాలినడకవాడి ముంగిటికి వచ్చింది.

2019లో జగన్ ప్రభుత్వం దశలవారీ నిషేధమని చెప్పి, అక్టోబరు 1 నుంచి (అదే తేదీ!) షాపులన్నీ తానే నడిపింది. 4,380 షాపులు 3,500కు, తర్వాత 2,934కు దిగాయి. పర్మిట్ రూములు ఎత్తేశారు. మా గదికి ఇనుప జాలీ అప్పుడే బిగించారు. ఉదయం పదకొండు నుంచి రాత్రి ఎనిమిది దాకా, నగదు మాత్రమే, ఎన్నడూ వినని పేర్ల సీసాలు. 'ఇక్కడ కూర్చోరాదు' అని ఎర్ర రంగుతో గోడ మీద రాశారు. రాసినవాళ్లకు బండ అడ్డమొచ్చింది. నలుగురు మోసి ట్రాక్టరు ట్రాలీలో వేసి తీసుకుపోయారు.

లాక్‌డౌన్ తర్వాత 2020 మే 4న షాపులు తెరిచినప్పుడు ధర పాతిక శాతం పెంచారు, మర్నాడు మరో యాభై. అయినా జాలీ ముందు సున్నపు వలయాల్లో వరస కట్టి నిలబడ్డారు. ఆ వేసవిలో మా ఊరి మనుషులు తుంగభద్ర దాటడం మళ్లీ నేర్చుకున్నారు. పంచలింగాల చెక్‌పోస్టు దగ్గర పాలడబ్బాల్లో, సిమెంటు బస్తాల్లో తెలంగాణ సీసాలు దొరికేవి. పట్టుకున్న సీసాల్ని కర్నూలులో నేల మీద పరిచి రోడ్డు రోలరుతో తొక్కించారు. మా గాజులపల్లె మీదుగా గుంటూరు పోయే రైలు మార్గంలోనే ప్రకాశం జిల్లా కురిచేడు ఉంది. ఆ జూలై చివర అక్కడ శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. ధర పెంచితే మానేస్తారన్న లెక్కకు అక్కడ జవాబు దొరికింది.

2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు. 3,396 షాపులకు దాదాపు 90 వేల దరఖాస్తులు. ఒక్కోదానికి తిరిగి రాని 2 లక్షల రూపాయలు. ఒక్క సీసా అమ్మకముందే సర్కారుకు 1,800 కోట్ల దాకా చేరింది. లాటరీ రోజు నంద్యాలలో పెళ్లి మండపం ముందర ఉన్నంత సందడి. 99 రూపాయల క్వార్టరు వచ్చింది. పర్మిట్ రూములు మళ్లీ పెట్టుకోవచ్చని తర్వాత అన్నారు. మా గది దగ్గర ఇంకా పెట్టలేదు. జాలీ కూడా తియ్యలేదు. 'ఉండనీలే అన్నా, సేఫ్టీ' అన్నాడు లోపలి కుర్రాడు, డిగ్రీ చదివాడట.

తాగేవాళ్లు మరి ఎక్కడికి పోతారు? అడిగితే అరటితోట గట్లు చూపించాడు. పోయి చూశాను. మొవ్వు మీద మొవ్వుగా చల్లటి చీకటి, కాలువలో నీళ్ల చప్పుడు. ఆ నీళ్లు మహానంది కోనేటి నుంచి వచ్చేవే. ఒక్కొక్కరు ఒక్కొక్క చెట్టు మొదట్లో, ఫోన్ వెలుగు ముఖం మీద పడుతూ. మాట్లాడుకోవడం లేదు. ఖాళీ సీసాలు కాలువలో వెయ్యొద్దని తోట రైతు అట్టముక్క మీద రాసి కట్టాడు.

బండ కోసం వెతికాను. స్టేజీ దగ్గర కనిపించింది, బస్సు షెల్టరు కూలిపోయాక దాని చోటులో వేశారు. అదే విరిగిన అంచు, అదే నునుపు.

మర్నాడు తెల్లవారుజామున ఐదున్నరకు పోయాను. కూలికిపోయే ఆడవాళ్లు పన్నెండు మంది ఆటో కోసం చూస్తున్నారు. క్యారియర్లు, నీళ్ల సీసాలు, తలకు టవళ్లు. బండ మంచుకు తడిసి ఉంది. ఒకామె కొంగుతో తుడిచి కూర్చుని, పక్కనున్నామెకు చోటిస్తూ జరిగింది. కాలికి ఏదో తగిలితే వంగి చూసింది. ఖాళీ క్వార్టరు సీసా. తీసి అటూ ఇటూ తిప్పి, పగల్లేదని చూసుకుని, సంచిలో వేసుకుంది.

'పాతసామాన్లోడు తీసుకుంటాడా అక్కా?' అని అడిగాను.

'యాడ తీసుకుంటాడు నాయనా. నూనె పోసుకోను' అంది.

ఆటో వచ్చింది. పన్నెండు మందీ ఎక్కారు.